పాత రాతి గోడ: ఒకచోట బిట్టు దిగదు, పక్కనే సర్రున దిగిపోతుంది

మీరు రాసింది ఇదీ. హనుమకొండలో మీ తాతగారు 1958లో కట్టించిన ఇల్లు, అడుగున్నర మందం రాతి గోడలు. బాత్రూంలో 15 లీటర్ల గీజరు, హాల్లో 43 అంగుళాల టీవీ, పడకగదిలో ఏసీ పెట్టించాలి. ఇంట్లో ఉన్న 13 ఎంఎం డ్రిల్లు మిషనుతో గీజరు చోట మొదలుపెడితే ముప్పావు అంగుళం పోయి ఆగిపోయింది, బిట్టు కొస ఎర్రగా కాలింది. నాలుగు అంగుళాలు పక్కకు జరిగి వేస్తే బిట్టంతా సర్రున లోపలికి పోయి మట్టి రాలింది. మిషన్ మార్చాలా, చోటు మార్చాలా అని అడిగారు.

రెండూ మార్చాలి. అయితే ముందు చోటు సంగతి చూద్దాం. మిషను డబ్బు పడేస్తే దొరుకుతుంది.

నేను వరంగల్‌లో ఇరవై ఏడేళ్లుగా గీజర్లు, ఏసీలు, టీవీలు బిగించే పనిలో ఉన్నాను. మీ ఇంటిలాంటివి కొన్ని వందలు చూసి ఉంటాను. ఆ కాలం గోడ ఒకే రాయి కాదు, నిజానికి ఒకే గోడ కూడా కాదు. బయటివైపు ఒక వరస పెద్ద రాళ్లు, లోపలివైపు ఒక వరస. మధ్యలో చిల్లరాళ్లు, మట్టి కూరేస్తారు. అక్కడక్కడ రెండు వరసలనూ పట్టి ఉంచడానికి ఒక పొడుగాటి రాయి అడ్డంగా పెడతారు. డబ్బున్నవాళ్లు గానుగ సున్నంతో కట్టించుకున్నారు. మిగతావాళ్లు మట్టితో కట్టి, పైన మాత్రం సున్నంతో సందులు పూసుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడో ఒక పెళ్లికో పండక్కో దానిమీద సిమెంటు ప్లాస్టరు పడుతుంది. ఇప్పుడు మీకు కనిపించేది ఆ ప్లాస్టరు, దానిమీది రంగు. వెనక ఏముందో గోడ చెప్పదు.

కాబట్టి మీ మొదటి బెజ్జం ముప్పావు అంగుళం పోయింది రాయిలోకి కాదు, ప్లాస్టరులోకి. రాయి తగిలాక మీ మిషను బహుశా మిల్లీమీటరు కూడా దిగి ఉండదు. రెండోది రెండు రాళ్ల మధ్య సందులో పడింది. విచిత్రమేమీ లేదు, రెండుచోట్లా గోడ తన స్వభావం చూపించింది. మొదటిచోట బెజ్జం కష్టం, పట్టు గట్టి. రెండోచోట బెజ్జం సులువు, పట్టు సున్నా. కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాళ్లు బిట్టు సులువుగా దిగిన చోటు చూసి సంతోషపడతారు. నాకు మాత్రం అక్కడే గుండె దడదడలాడుతుంది.

ఇక రాయి సంగతి. మన గుట్టల రాయి గ్రానైటు. పద్మాక్షి గుట్ట చూసే ఉంటారుగా, ఆ జాతే. ఇందులో గాజులా కనిపించే గింజలు క్వార్ట్‌జ్, కాఠిన్యం కొలతలో 7. మామూలు ఉక్కు దానికంటే మెత్తన. బిట్టు కొసకు అతికించే టంగ్‌స్టన్ కార్బైడు ముక్క మాత్రం దానికంటే గట్టిది, సుమారు 9. అందుకే చెక్కకో ఇనుముకో వాడే బిట్టుతో రాతిని ఎంత తిప్పినా లాభం లేదు. కార్బైడు ముక్క ఉన్నదే కావాలి. అది ఉన్నా ఒట్టిగా తిప్పితే రాయి అరగదు, బిట్టు కాలుతుంది. రాయిని బిట్టు కొయ్యదు, కొట్టి పొడి చేస్తుంది. ప్రతి దెబ్బకూ కొస కింద చిన్న పగులు, ఆ తర్వాత కాస్త తిరిగి కొత్త చోట ఇంకో దెబ్బ.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదు. నేను పనిలో చేరినప్పుడు మా గురువు దగ్గర మిషను లేదు. జానెడు పొడవు ఉక్కు జంపరు (సుత్తితో కొట్టి రాతిలో బెజ్జం వేసే కడ్డీ), కిలో సుత్తి ఉండేవి. ఒక దెబ్బ, కాస్త తిప్పు, ఒక దెబ్బ, కాస్త తిప్పు. తిప్పడం మరిచిపోతే జంపరు ఇరుక్కునేది, వీపు మీద ఒకటి పడేది. గ్రానైటులో ఒక బెజ్జానికి అరగంట పట్టేది. దాంట్లో చెక్క గట్టీ కొట్టి, దానికి స్క్రూ బిగించేవాళ్లం. మీ ఇంట్లో స్విచ్చు బోర్డుల వెనక ఆ గట్టీలు ఇప్పటికీ ఉండి ఉంటాయి. తడి తగలని చోట అవి గట్టిగానే ఉంటాయి, తీసిపారేయకండి.

మీ దగ్గరున్న 13 ఎంఎం మిషనుకు సుత్తి గుర్తు ఉంటుంది కదా, దాన్ని ఇంపాక్ట్ డ్రిల్లు అంటారు. లోపల రెండు పళ్ల బిళ్లలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ గరగరలాడతాయి. నిమిషానికి నలభై వేలకు పైగా దెబ్బలు పడతాయి గానీ ఒక్కో దెబ్బ దోమ కుట్టినట్టు. ఇటుకకు, మామూలు కాంక్రీటుకు సరిపోతుంది. గ్రానైటుకు మీరు ఎంత ఒత్తితే అంత కాలుతుంది, మీ భుజం కూడా. మీకు కావలసింది రోటరీ హామరు. షాపులో ఎస్‌డీఎస్ మిషను అని అడగండి. బిట్టు వెనక భాగం 10 ఎంఎం లావుతో, గాడులతో ఉంటుంది, బిట్టు బిగించే చక్ తాళం అక్కర్లేదు, నొక్కితే టక్కున కూర్చుంటుంది. దీంట్లో గాలి ఒత్తిడితో ఒక పిస్టను లోపల నిజంగానే సుత్తిలా కొడుతుంది. నేను వాడే బాష్ టూ ట్వంటీసిక్స్ మిషను నిమిషానికి నాలుగు వేల దెబ్బల దాకానే కొడుతుంది, కానీ ఒక్కో దెబ్బ బలం 2.7 జౌల్. లెక్కలో తక్కువ, బలంలో ఎక్కువ. కరెంటు తీసుకునేది 800 వాట్లే కాబట్టి మీ పాత 5 ఆంప్స్ ప్లగ్గు కూడా తట్టుకుంటుంది. నాలుగు బెజ్జాల కోసం కొనకండి, రోజు అద్దెకు ఇస్తారు. బిట్టు మాత్రం సొంతం, కొత్తది కొనుక్కోండి. అద్దె మిషనుతో వచ్చే బిట్టు అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి, పది ఎంఎం అని రాసి ఉన్నది తొమ్మిదిన్నరే కొడుతుంది, స్క్రూ పట్టుకోవడానికి బెజ్జంలో పెట్టే ప్లగ్గు దూరదు. నాలుగు పలకల కార్బైడు కొస ఉన్నది దొరికితే అదే తీసుకోండి, బెజ్జం గుండ్రంగా వస్తుంది.

ఇప్పుడు అసలు పని. రాయి ఎక్కడుంది, సందు ఎక్కడుంది? సుత్తి పిడితో గాని, పాత పెద్ద తాళంచెవితో గాని గోడ మీద అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోండి. రాయి మీద టకటకమని పొడిగా వినిపిస్తుంది, చేతికి దెబ్బ తిరిగి తగులుతుంది. సందు మీద మొద్దుగా ఉంటుంది. ప్లాస్టరు రాయిని వదిలేసిన చోట డొల్ల మోత, అక్కడ అసలు ఏదీ తగిలించకండి. రాయి దొరికిన చోటల్లా చాక్‌పీసుతో చుట్టూ గీయండి. పావుగంటలో గోడ మీద రాళ్ల బొమ్మ ఒకటి తయారవుతుంది. మా ఊళ్లో రాయి కొట్టే వడ్డెర మేస్త్రి ఒకాయన చెవితోనే రాయి ఎటువైపు పగులుతుందో చెప్పేవాడు. మనకు అంత రాదు, చాక్‌పీసు చాలు.

అనుమానం ఉంటే 5 ఎంఎం బిట్టుతో చిన్న బెజ్జం వేసి, కింద తెల్ల కాగితం పట్టి పొడి చూడండి. బూడిద రంగులో, వేళ్ల మధ్య నలిపితే చక్కెరలా గరగరలాడితే గ్రానైటు. వెన్నలాంటి తెలుపు, మెత్తగా ముఖానికి రాసుకునే పౌడరులా ఉంటే సున్నం. ఎరుపు, నారింజ రంగు అయితే ఇటుక. మట్టి రంగు, కాస్త చెమ్మ అయితే ఆ చోటు మర్చిపోండి. పొడి రంగు ఏ లోతులో మారిందో కూడా చూడండి, మీ ప్లాస్టరు మందం ఎంతో తెలిసిపోతుంది. అది చాలా ముఖ్యం. మీ గోడకు ముప్పావు అంగుళం ప్లాస్టరు ఉంది. దుకాణంలో ఇచ్చే రెండంగుళాల స్క్రూలో ముప్పావు అంగుళం దాంట్లోనే పోతుంది, అది లెక్కలోకి రాదు. రాయిలో కనీసం రెండంగుళాలు దిగాలంటే మూడంగుళాల స్క్రూ, దానికి తగ్గ లోతు బెజ్జం కావాలి. గోడ నుంచి ఊడివచ్చిన షెల్ఫుల్లో సగానికి సగం నేను చూసినవి ఈ లెక్క తప్పినవే.

బెజ్జం వేసేటప్పుడు బిట్టుకు కావలసిన లోతు దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టండి. ప్లాస్టరు దాటేదాకా సుత్తి గుర్తు ఆపేసి ఒట్టిగా తిప్పండి, లేకపోతే అరచేయంత ప్లాస్టరు పెచ్చు ఊడి కాళ్ల మీద పడుతుంది. రాయి తగిలిందని చేతికి తెలిసిపోతుంది, మిషను మోత మారుతుంది. అప్పుడు సుత్తి మోడ్‌లో పెట్టి, ముందు నెమ్మదిగా ఒక గుంట పడనివ్వండి. గ్రానైటు నున్నగా ఉంటే బిట్టు జారిపోతుంది. అలా జారితే 6 ఎంఎంతో అర సెంటీమీటరు వేసి, ఆ గుంటలో 10 ఎంఎం పెట్టండి. గుంట పడ్డాక మిషనును ఒత్తకండి. ఇది చాలామందికి మింగుడుపడదు. రోటరీ హామరుకు మీ బలం అక్కర్లేదు, బిట్టు రాయికి ఆనేంత ఒత్తిడి చాలు. ఎక్కువ ఒత్తితే దెబ్బ చచ్చిపోతుంది. ప్రతి సెంటీమీటరుకూ మిషను తిరుగుతుండగానే బిట్టు వెనక్కి లాగి పొడి రానివ్వండి. పొడి లోపలే ఉంటే అదే మెత్తగా మారి బిట్టును పట్టేస్తుంది. మంచి బిట్టుతో రాయిలో రెండంగుళాలు దిగడానికి ఒకటి రెండు నిమిషాలు. ఐదు నిమిషాలైనా దిగలేదంటే బిట్టు అయిపోయింది, లేదా మీరు సుత్తి మోడ్ పెట్టడం మర్చిపోయారు. (నేనూ మర్చిపోయాను, ఒకసారి ఇంటాయన ముందే.)

కాలిన బిట్టును నీళ్లలో ముంచడం మనవాళ్లకు పెద్ద సరదా, చుయ్‌మని శబ్దం వస్తే తృప్తిగా ఉంటుంది. ఆ చుయ్‌తోనే కార్బైడు ముక్కలో పగుళ్లు వస్తాయి, తర్వాతి బెజ్జంలో ఊడిపోతుంది. పక్కన పెట్టి గాలికి ఆరనివ్వండి, ఈలోగా టీ తాగండి. బిట్టు బిగుసుకుపోతే మిషను మీ చేతిని తిప్పేస్తుంది. పక్క హ్యాండిల్ లేకుండా పట్టుకోకండి, నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి అసలు వద్దు. గ్రానైటు పొడిలో క్వార్ట్‌జ్ ఉంటుంది. క్వారీల్లో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులు పాడుచేసేది అదే. కర్చీఫు కట్టుకుంటే సరిపోదు, ఎన్-95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి. స్విచ్చు బోర్డుకు నేరుగా పైన, నేరుగా కింద వేయకండి, గోడలో పైపులు వేసి ఉంటే వైర్లు ఆ దారినే పోతాయి.

బెజ్జం అయ్యాక లోపలి పొడిని సైకిలు పంపుతో ఊదండి, అప్పుడు ప్లగ్గు పెట్టండి. మనం రాల్ ప్లగ్ అనేది ఒక మనిషి పేరు నుంచి వచ్చింది. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడవకుండా కరెంటు సామాను బిగించాల్సి వచ్చి, 1910 ప్రాంతంలో జాన్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరు జనపనారతో చేశాడు. ఇప్పుడు మనం వాడే నైలాన్ ప్లగ్గు జర్మనీలో ఆర్టుర్ ఫిషర్ 1958లో చేశాడు, మీ ఇల్లు లేచిన ఏడే. రాయి నట్టనడుమ ఈ నైలాన్ ప్లగ్గు గాని, ఇనుప యాంకర్ ఫాస్టనర్ (బిగిస్తే లోపల విచ్చుకునే బోల్టు) గాని రెండూ పట్టుకుంటాయి. కానీ మట్టితో కట్టిన గోడలో ఫాస్టనర్ విషయంలో నా తప్పు ఒకటి చెప్పాలి.

పన్నెండేళ్ల కిందట, ఇలాంటి ఇల్లే, ఇలాంటి గీజరే. ఒక ఫాస్టనర్ రాయి అంచుకు దగ్గరగా పడింది. బిగించేకొద్దీ పట్టు రాలేదని ఇంకా బిగించాను. ఫాస్టనర్ లోపల విచ్చుకుంటుంది కదా, ఆ ఒత్తిడికి రాయి అంచు లోపల్లోపల పగిలింది. బయటికి ఏమీ కనపడలేదు, గీజరు గట్టిగానే ఉంది, డబ్బులు తీసుకుని వచ్చేశాను. మూడు నెలల తర్వాత అర్ధరాత్రి అది రాతి పెచ్చుతో సహా కిందపడింది. బాత్రూంలో ఎవరూ లేరు కాబట్టి బకెట్టు, కుళాయి పోవడంతో సరిపోయింది. 15 లీటర్ల గీజరంటే నీళ్లే 15 కిలోలు, దాని బరువుతో కలిపితే పాతిక దాకా. పగలైతే ఏమయ్యేదో అని ఇప్పటికీ తలుచుకుంటాను. అప్పటినుంచి రాయి అంచు నుంచి మూడంగుళాలు లోపలికి లేకపోతే ఫాస్టనర్ వేయను. బిగించేటప్పుడు స్పానర్ తేలికగా తిరుగుతూనే ఉంటే ఆ బెజ్జం వదిలేస్తాను.

మీకు వచ్చే అసలు చిక్కు ఇక్కడుంది. గీజరు వెనక కొక్కేలు ఎంత దూరంలో ఉండాలో కంపెనీవాడు నిర్ణయించాడు, గోడలో రాళ్లు ఎక్కడుండాలో మీ తాతగారి మేస్త్రి నిర్ణయించాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒక బెజ్జం రాయిలో పడితే రెండోది సందులో పడుతుంది. కాబట్టి గీజరును నేరుగా గోడకు తగిలించకండి. ముందు చాక్‌పీసు బొమ్మ చూసుకుని, గట్టి రాళ్లలో నాలుగు బెజ్జాలు వేయండి, వరస తప్పినా పరవాలేదు. ఒక అట్టముక్క గోడకు ఆనించి పెన్సిలుతో పొడిచి ఆ నాలుగు చోట్లు గుర్తు పెట్టుకోండి. అట్ట తీసుకుని వెల్డింగు షాపుకు వెళ్లి, ఒకటిన్నర అంగుళం వెడల్పు, 5 ఎంఎం మందం ఇనుప పట్టీలు రెండు అడ్డంగా, రెండు నిలువుగా అతికించి, అట్ట ప్రకారం బెజ్జాలు వేయించండి. గీజరుకు కావలసిన కొక్కేలు ఆ చట్రం మీద మీకు కావలసినచోట వెల్డింగు చేయించుకోవచ్చు. బాత్రూం కాబట్టి రెడ్ ఆక్సైడు, దానిమీద రంగు తప్పనిసరి. టీవీకి ఇదే పద్ధతి, ఇనుము బదులు ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలక చాలు. 43 అంగుళాల టీవీ పది కిలోలు కూడా ఉండదు, దాని గురించి టెన్షన్ వద్దు. ముందుకు లాగే చేతుల స్టాండు మాత్రం కొనకండి, లాగినప్పుడల్లా పై స్క్రూలను గోడలోంచి పెకలిస్తుంది.

కెమికల్ యాంకర్ అని జిగురు గొట్టం అమ్ముతారు. రాయిలో బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. కానీ మధ్యలో బోలు తగిలితే గొట్టమంతా లోపలికి పోయి ఎక్కడా పట్టుకోదు. జాలీ తొడుగు పెట్టి పోస్తేనే ఆగుతుంది. మట్టిలో మాత్రం ఏ జిగురూ పనిచేయదు, మట్టికే పట్టు లేనప్పుడు జిగురు దేన్ని పట్టుకుంటుంది?

ఏసీ. లోపలి యూనిట్ పది కిలోల ప్రాంతం, పట్టీ పద్ధతితో ఆగిపోతుంది. బయటి యూనిట్ మాత్రం ఆ గోడకు వద్దు. పాతిక ముప్పై కిలోల బరువుతో రోజంతా వణుకుతుంటే మట్టి గోడ రాళ్లు కదులుతాయి. డాబా మీదో నేల మీదో స్టాండు వేయండి. పైపు బయటికి తీయడానికి రెండున్నర అంగుళాల బెజ్జం కావాలి, అడుగున్నర గోడకు. ఏసీ కుర్రాళ్లు ఉలి బిట్టు వేసి గంటసేపు దడదడలాడిస్తారు, బయటివైపు రాయి ఊడి ఫుట్‌బాల్ అంత గొయ్యి పడుతుంది. సున్నం గోడ అయితే కోర్ కటింగ్ వాళ్లను పిలవండి, డైమండు గొట్టంతో దెబ్బ లేకుండా శుభ్రంగా కోస్తారు. కానీ వాళ్లు నీళ్లు పోస్తూ కోస్తారు, మీది మట్టి గోడ, ఆ నీళ్లు సందుల్లోకి దిగి మట్టిని జావ చేస్తాయి. మీ ఇంట్లో కిటికీ పైన వెంటిలేటరు ఉంటుంది కదా, దాని మూల అద్దం ముక్క తీసి పైపు అక్కడినుంచి పోనివ్వండి. చూడ్డానికి బాగుండదని మీ ఇంట్లోవాళ్లు అంటారు, అననివ్వండి.

ఇదే ప్రశ్న వేరే ఊరివాళ్లు అడిగితే సమాధానం మారుతుంది. తాడిపత్రి, బేతంచర్ల వైపు నాపరాళ్ల గోడలయితే రాయి మెత్తనే గానీ పొరలు పొరలుగా ఉంటుంది, సుత్తి మోడ్ పెడితే బిళ్లలుగా విడిపోతుంది. ఒట్టిగా తిప్పాలి, నీళ్లు కొద్దిగా చల్లుతూ. కోస్తాలో పాత ఇటుక, సున్నం గోడలకు మీ 13 ఎంఎం మిషనే చాలు, అదీ సుత్తి లేకుండా, ప్లగ్గు కంటే ఒక ఎంఎం తక్కువ బిట్టుతో, సందులో కాకుండా ఇటుక నడుమ వేయాలి.

ఇంకొకటి చూడండి. మీ ఇంట్లో గోడల్లో పాతిన చిలక్కొయ్యలు ఉన్నాయా? ఆ కాలం మేస్త్రులకు ఈ గోడలో తర్వాత బెజ్జం పడదని తెలుసు. అందుకే కట్టేటప్పుడే సందుల్లో కొయ్యలు పెట్టి కట్టుకుంటూ పోయారు, గూళ్లు వదిలారు. చెద పట్టకుండా ఉంటే బట్టలకు, సంచులకు, గోడ గడియారానికి అవే చాలు. వాటికోసం ఒక్క బెజ్జం కూడా అదనంగా వేయకండి.

మీరు ఇప్పటికే వేసిన రెండు బెజ్జాల సంగతి. మొదటిది, ఆగిపోయినది, దాన్ని వదలకండి. అక్కడ రాయి ఉందని గోడ చెప్పేసింది. ఎస్‌డీఎస్ మిషను తెచ్చి దాంట్లోనే కొనసాగించండి, మీ ఇనుప చట్రానికి మొదటి బోల్టు అదే. రెండోది, మట్టి రాలినది, దాంట్లో సిమెంటు కూరకండి. మట్టికి సిమెంటు పట్టదు, ఎండాక ముద్దగా ఊడివస్తుంది. కాస్త నీళ్లు చిలకరించి, సున్నంలో ఇసుక కలిపి, చిన్న రాతి చెక్కలు రెండు మూడు లోపలికి గట్టిగా దించి పూడ్చండి. ఆరడానికి వారం పది రోజులు పడుతుంది, ఆ లోపు రంగు వేయకండి. చట్రం బిగించాక ఫొటో పెట్టండి, బోల్టులు ఎక్కడ పడ్డాయో చూస్తాను.